నేను తీసేయించిన టెస్ట్

మా ముత్తాత ఒక ఎస్టేటుకు దివాను. ఆయన తండ్రి అదే ఎస్టేటులో ఠాణేదారుగా చేరి, కలెక్టరు దొర క్యాంపుకు వచ్చినప్పుడు ఎదురుగా కుర్చీలో కూర్చునే హోదా సంపాదించినవాడు. మా తాత ఆనరరీ మేజిస్ట్రేటు. జీతం లేని పదవి, కానీ ఆయన ఎదురుపడితే సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు దిగి నడిచేవారు. ఎస్టేట్లు రద్దయ్యాక భూములు పోయాయి, వ్యాజ్యాలు మిగిలాయి, తర్వాత అవీ ఓడిపోయాం. మా నాన్న కాలానికి మిగిలినవి రెండే: హైస్కూల్లో లెక్కల మాస్టారి ఉద్యోగం, వెన్ను కుర్చీకి ఆనించకుండా కూర్చునే అలవాటు. ఆయనకు నేను ఒక్కతినే సంతానం. ఉద్యోగం ఆయనతోనే పోయింది. అలవాటు నాకు వచ్చింది.

ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు అందామనుకున్నాను. కాస్త దానికి కూడా రాస్తున్నాను, అబద్ధమెందుకు. మా ఇంట్లో ఒక మాట ఉండేది. మనవాళ్ల సంతకం కింద సాక్షి సంతకం అడిగినవాడు పుట్టలేదు అని. దివానుగారు రాసిన కాగితానికి ఇంకొకరి చేవ్రాలు అక్కర్లేదట. నాన్న మార్కుల రిజిస్టరు మీద సంతకం పెడుతూ కూడా ఆ మాటే అనేవారు. నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో, ఒక ఆఫీసులో ఒక అమ్మాయి నా పనికి సాక్ష్యం అడిగింది. నేను ఇవ్వలేదు. ఆ సంగతి ఇది.

మాది చిన్న కంపెనీ. వృద్ధుల్ని చూసుకునే హోమ్‌ల కోసం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎవరికి ఏ మాత్ర ఎన్ని గంటలకు ఇవ్వాలో గుర్తుపెట్టుకుని, వేళకు అక్కడున్న మనిషికి కబురు పంపడం దాని పని. పెద్ద హోమ్ అయితే నర్సుల గదిలో గోడ మీది తెరకు కబురు వెళ్తుంది. ఇంటికి వచ్చి చూసుకునే నర్సు అయితే ఆమె ఫోన్‌కి వెళ్తుంది. ఏ చోటికి ఎలాంటి వార్తాహరుడు కావాలో చూసి, తయారుచేసి ఇచ్చే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని మా వృత్తిలో ఫ్యాక్టరీ అంటారు. మందుల వేళలు చూసే భాగం వార్తాహరుణ్ణి తానే తయారుచేసుకోదు. ఫ్యాక్టరీని బయటినుంచి దాని చేతికి అందిస్తాం; మా భాషలో క్లాస్ అనే ఆ భాగానికి ఫ్యాక్టరీని ఇంజెక్ట్ చేయడం అంటాం. వేళ అయినప్పుడు అది ఫ్యాక్టరీని అడుగుతుంది, ఫ్యాక్టరీ ఇస్తుంది, కబురు వెళ్తుంది.

ఆ ఫ్యాక్టరీ నేను రాసింది. కంపెనీలో చేరిన కొత్తలో, పదిహేనేళ్ల కిందట.

మందుల వేళల భాగం సరిగా పనిచేస్తోందా అని టెస్ట్ రాసేటప్పుడు నిజం ఫ్యాక్టరీని వాడం. అది నిజంగానే ఎవరికో కబురు పంపేస్తుంది. అందుకని దాని స్థానంలో ఒక ఉత్తుత్తి ఫ్యాక్టరీని నిలబెడతాం. దానికి మాక్ అని పేరు. నిన్ను ఇలా అడిగితే ఇది ఇవ్వు అని ముందే నేర్పుతాం. అది ఇచ్చే వార్తాహరుడూ ఉత్తుత్తివాడే. చివర్లో వాణ్ణి అడుగుతాం, నీకు కబురు అందిందా అని. అందిందంటే టెస్ట్ పచ్చగా వెలుగుతుంది, లేదంటే ఎర్రగా.

మా ఇంట్లోనూ అలాంటిది ఒకటి జరిగేది. భూములు పోయాక కూడా తాతగారి దగ్గరకు పాత స్నేహితులు వచ్చేవారు. వాళ్లు వచ్చే రోజున వీధిలోని దర్జీని పిలిపించి, పాత బిళ్ల బంట్రోతు పటకా కట్టించి, ఇత్తడి బిళ్ల తగిలించి వాకిట్లో నిలబెట్టేవారట. అతనికి నేర్పిన మాట ఒకటే, చిత్తం. మంచినీళ్లు అడిగినా చిత్తం, విసనకర్ర అడిగినా చిత్తం. అతను లోపలికి వెళ్లి చెబితే మా నాయనమ్మ అందించేది. ఒకసారి వచ్చినాయన, "మునసబు గారింటికి వెళ్లి నేను వచ్చానని చెప్పిరా" అన్నాడట. దర్జీ చిత్తం అని అక్కడే నిలబడ్డాడు. ఆయన గంటసేపు చూసి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఈ కథ నాన్న నవ్వుతూ చెప్పేవారు. తాతగారు బతికున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదట.

కొత్తగా చేరినవాళ్లకు మాక్ అంటే ఏమిటో చెబుతున్నప్పుడల్లా నాకు ఆ దర్జీ గుర్తొచ్చేవాడు. పైకి చెప్పేదాన్ని కాదు. ఇంటి సంగతులు ఆఫీసులో విప్పడం నా పద్ధతి కాదు.

ఆ అమ్మాయిది జగిత్యాల వైపు. తండ్రి బస్సు డ్రైవరు. ఇక్కడే మాస్టర్స్ చదివి మా టీమ్‌లో చేరింది. వీసా మా కంపెనీ మీద ఉంది. అంటే ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, దొరక్కపోతే దేశం వదలాలి. ఆ సంగతి మా టీమ్‌లో అందరికీ తెలుసు. ఆమె దాన్ని దాచుకోలేదు, దాని గురించి మాట్లాడనూ లేదు.

చేరిన వారంలో, కిచెన్‌లో మైక్రోవేవ్ దగ్గర నిలబడి ఉంటే పలకరించింది.

"ఆంటీ, మీది అయిపోయిందా? నేను పెట్టుకోవచ్చా?"

"ఇక్కడ ఆంటీలు లేరమ్మా" అన్నాను.

మర్నాటినుంచి మేడమ్ అంది. నెల తిరిగేసరికి అక్కా అయింది. దాన్ని నేను ఆపలేదు. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే గుంటూరు ఆయన ఒకడున్నాడు, నోటి దురుసు మనిషి. అది విని, "మేడమ్‌ని అక్కా అన్నావా? మేం పదేళ్ల నుంచీ వాకిట్లోనే నిలబడి ఉన్నాం తల్లీ, నువ్వు తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయావు" అన్నాడు. నేను వినబడనట్టు ఊరుకున్నాను. నిజానికి నాకు బాగానే అనిపించింది.

ఆమె పని శుభ్రంగా ఉండేది. చిక్కల్లా ఒకటే, అనుమానం వస్తే ఊరుకోదు. ఇక్కడ ఒకరు రాసింది ఇంకొకరు చదివి, అభ్యంతరాలుంటే అందరూ చూసేలా దాని పక్కనే రాస్తారు. దాన్ని రివ్యూ అంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల కోడ్‌లో తప్పు చూపించినా ఎవరూ ఏమీ అనుకోరు. ఒకరోజు ఆమె నా కోడ్ పక్కన రెండు వాక్యాలు రాసింది. తప్పు నాదే, చిన్నది, దిద్దుకున్నాను. సాయంత్రం ఆమెను నా డెస్క్ దగ్గరికి పిలిచాను.

"ఇలాంటివి రివ్యూలో రాయకు. నా దగ్గరికి వచ్చి చెప్పు. మనం మనం మాట్లాడుకుంటే సరిపోతుంది కదా."

"సారీ అక్కా. నాకు తెల్వలే."

"సారీ ఎందుకు. మనవాళ్లం కాబట్టి చెబుతున్నాను."

ఆ మాట ప్రేమతో అన్నాననే అనుకున్నాను. ఆ రోజునుంచి నాతో విభేదించాల్సింది ఏమున్నా ఆమె నోటితో, తెలుగులో, నా కుర్చీ పక్కన నిలబడి చెప్పేది. నేను కూర్చోమనేదాన్ని. కూర్చునేది కాదు. ఆ మాటలకు ఎక్కడా కాగితం లేదు.

కొన్నాళ్లకు కంపెనీ ఒక కొత్త రకం హోమ్‌లను చేర్చుకుంది. మామూలు ఇళ్లలోనే ఐదారుగురు వృద్ధులను ఉంచి చూసుకునే చోట్లవి. నర్సుల గది ఉండదు, ఒక సహాయకురాలు ఉంటుంది. ఆ పని అమ్మాయికి అప్పగించాను. పది రోజుల్లో పూర్తిచేసి పంపింది. అందులో టెస్టులు రెండు రకాలుగా ఉన్నాయి. మాక్ ఫ్యాక్టరీతో రాసినవి మా పద్ధతి ప్రకారం ఉన్నాయి. చివర్లో ఒకటి మాత్రం నిజం ఫ్యాక్టరీతో రాసింది. దాని పక్కన రివ్యూలో ఒక ప్రశ్న కూడా పెట్టింది. మాక్ ఏ రకం హోమ్ అడిగినా వార్తాహరుణ్ణి ఇస్తోంది, అసలు ఫ్యాక్టరీ ఈ కొత్త రకానికి ఇస్తుందా అని.

నేను చెప్పింది మరిచిపోయి రాసిందో, ముఖ్యమనుకుని రాసిందో అడగలేదు. పిలిచాను.

"ఈ చివరి టెస్ట్ ఎందుకు?"

"అక్కా, మాక్‌కి ఎనీ అని పెట్టినం గదా. ఏమడిగినా ఇస్తది. అది ఎప్పటికీ పాసే అయితది. అసలుది గట్లనే ఇస్తదా అని నాకు డౌట్."

"రన్ చేశావా?"

"చేసిన. రెడ్ వస్తుంది. కబురు పోయే బయటి లైన్ లేక ఫెయిల్ అయితుందో, అసలు పంపేటోణ్ణే ఇస్తలేదో తెల్వట్లే. అందుకే మిమ్మల్ని అడుగుదామని."

"లైన్ లేకే. టెస్ట్ మెషీన్లకు బయటి లైన్ ఉండదు. అందుకే కదా మాక్ చేస్తాం. వేళలు చూసే భాగాన్ని పరీక్షిస్తున్నప్పుడు ఫ్యాక్టరీ మన పరిధి కాదు."

"అవునక్కా, గది కరెక్టే. కానీ ఒక్కసారి ఫ్యాక్టరీ ఫైల్ ఓపెన్ చేసి చూద్దామా? కొత్త రకం లేకుంటే ఏం ఇస్తదో."

"తెలియని రకం వస్తే ఫోన్‌కి మెసేజ్ పంపేదాన్ని ఇస్తుంది. ఆ ఫ్యాక్టరీ నేను రాసింది. నా ఫైలు నాకు తెలియదా?"

ఆమె తెర వైపు చూసింది. ఫైలు తెరవడానికి రెండు క్షణాలు పడుతుంది. మౌస్ నా చేతి కిందే ఉంది. నేను చెయ్యి కదపలేదు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి చూద్దామంటే నేను నా ఫైలు తెరిచి, నేను రాసింది నేను సరిచూసుకుని నిరూపించుకోవాలా అనిపించింది. ఇంకేమీ అనిపించలేదు. ఇదొక్కటి నేను కచ్చితంగా చెప్పగలను.

"ఆ టెస్ట్ తీసేయ్. ఆ కామెంట్ కూడా" అన్నాను.

"సరే అక్కా."

కామెంట్ తుడిచేసింది. టెస్ట్ తీసేసి, మార్పులన్నీ ఒకటిగా కలిపి, ఆ టెస్ట్ ఉన్న జాడ లేకుండా మళ్లీ పంపింది. అన్నీ పచ్చగా వచ్చాయి. నేను అప్రూవ్ నొక్కాను. గుంటూరు ఆయన కాఫీ కప్పుతో అటు వెళ్తూ, "ఏమ్మా, మేడమ్ గారి ఫ్యాక్టరీ జోలికి వెళ్లావా? దానికి దండం పెట్టి దాటిపోవాలి గానీ తలుపు తీయకూడదు" అన్నాడు. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

కొత్త హోమ్‌లు మొదలైన వారంలోనే, రాష్ట్రానికి పడమట కొండల్లో ఉన్న ఒక ఇంటినుంచి ఫోన్ వచ్చింది. మూడు రోజులుగా అక్కడికి ఒక్క కబురూ వెళ్లలేదు. తప్పు జరిగినట్టు మా దగ్గర ఒక్క గుర్తూ లేదు. అక్కడి సహాయకురాలు కొత్త మనిషి. ఫోన్ మోగితే మాత్ర ఇవ్వాలని ఆమెకు నేర్పారు, మోగలేదు కాబట్టి ఇవ్వలేదు. గుండె మందు వాడే ఒక పెద్దాయన ఊపిరాడక ఆసుపత్రిలో చేరాడు. బతికాడు. వారానికి తిరిగి వచ్చాడని తర్వాత తెలిసింది. మాకు చాలా హోమ్‌లు ఇచ్చిన క్లయింట్ మాత్రం ఆ వారమే ఒప్పందం ముగిస్తున్నట్టు ఉత్తరం పంపింది.

అప్పుడు తెరిచాను ఆ ఫైలు. తెలియని రకం వచ్చినప్పుడు ఫోన్‌కి పంపేదాన్ని ఇస్తుందని నేను పదిహేనేళ్లుగా నమ్మిన చోట, ఏమీ చేయని ఒక ఖాళీ వార్తాహరుడు ఉన్నాడు. కబురు తీసుకుంటాడు, ఎవరికీ ఇవ్వడు, ఇవ్వలేదని ఎవరికీ చెప్పడు. పైన నా పొడి అక్షరాలు, ఇది తాత్కాలికం, తర్వాత పూర్తిచేయాలి అని నా మాట. ఎందుకు వదిలేశానో గుర్తు లేదు. ఏదో తొందర అయి ఉంటుంది. ఆ అమ్మాయి టెస్ట్ ఎర్రగా వచ్చింది బయటి లైన్ లేక కాదు.

ఇలాంటివి జరిగాక మా ఆఫీసులో ఒక సమావేశం పెడతారు. ఎవరిదీ తప్పు అనరాదని దానికి నియమం. మా మేనేజరు నెమ్మదైన మనిషి, ఇక్కడివాడే. జరిగింది వరసగా తెర మీద పెట్టాడు. పైన కొత్త హోమ్‌ల మార్పు, దాని పక్కన దాన్ని రాసిన అమ్మాయి పేరు. సమావేశమంతా ఇంగ్లిషులో జరిగింది.

నేను ముందుగా లేచి, ఫ్యాక్టరీలో ఆ ఖాళీ కోడ్ లైన్ నాది, పాతది, పూర్తిచేయకుండా వదిలింది నేనే అని చెప్పాను. వెన్ను నిటారుగా పెట్టుకునే చెప్పాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. మేనేజరు థాంక్స్ చెప్పాడు. అంత సీనియర్ మనిషి అలా ఒప్పుకోవడం అందరికీ పాఠమన్నాడు. ఆ సగం నిజంతో నా గౌరవం పెరిగింది.

తర్వాత అడిగాడు: "పదిహేనేళ్ల కిందటి లైన్ సంగతి అలా ఉంచుదాం. కొత్త రకం చేరుస్తున్నప్పుడు అసలు ఫ్యాక్టరీతో ఒక్క టెస్ట్ కూడా ఎవరూ ఎందుకు రాయలేదు?"

అమ్మాయి నా వైపు చూసింది. గుంటూరు ఆయన కూడా చూశాడు. అతను ఏం విన్నాడో, ఎంత విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చూపులో నింద లేదు. నేను చెప్పబోతున్నానని, నాకు చోటు ఇవ్వాలని చూసినట్టు చూసింది. పెద్దవాళ్లు మాట్లాడాక మనం మాట్లాడాలి అన్నట్టు.

నేను అన్నాను: "టెస్టులన్నీ మన పద్ధతి ప్రకారమే ఉన్నాయి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "నీకు ఎక్కడా అనుమానం రాలేదా?"

ఆమె తెర మీది తన పేరు వైపు చూసి, "నేను ఇంకా చూసుకోవాల్సింది" అంది.

మేనేజరు అది రాసుకున్నాడు.

బయటికి వచ్చాక పార్కింగ్‌లో నా కారు దాకా వచ్చింది. ఏదైనా అంటుందని నిలబడ్డాను.

"అక్కా, నేను అడిగిన అని మీరు చెప్తరేమో అనుకున్న."

"అది చెప్పే చోటు కాదమ్మా. తర్వాత నేను ఆయనతో విడిగా మాట్లాడతాను."

"సరే అక్కా" అంది. టెస్ట్ తీసేయమన్నప్పుడు అన్న గొంతుతోనే.

ఆ ‘తర్వాత’ రావడానికి నాలుగు వారాలు పట్టింది. రేపు మాట్లాడదాం, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడదాం అనుకుంటూ వచ్చాను. మాట్లాడటమంటే ఒక అమ్మాయి సరిగ్గా చెబితే నేను సాగనివ్వలేదని చెప్పడం. లైన్ వదిలేయడం మరుపు. మరుపు ఎవరికైనా ఉంటుంది, ఒప్పుకుంటే హుందాగా ఉంటుంది. ఇది అలా కాదు.

క్లయింట్ పోయినందుకు టీమ్‌లను తగ్గిస్తున్నారని ఒక మంగళవారం ఉదయం మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మా టీమ్‌లో ఒకరు వెళ్లాలి. ఆ అమ్మాయి పేరు చెప్పాడు. ముందే తెలిస్తే ఆమెకు తోడుగా ఉంటానని నాకు చెబుతున్నానన్నాడు.

అప్పుడు చెప్పాను, మొత్తం. ఆమె టెస్ట్ రాసింది, అది ఎర్రగా వచ్చింది, ఫైలు చూద్దామంది, నేను తీసేయించాను, కామెంట్ నేనే తుడిపించాను. నా ఇంగ్లిషు ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అంత తడబడలేదు.

ఆయన లాప్‌టాప్ మూత దించాడు. "అది ఎక్కడైనా రాసి ఉందా?" అన్నాడు.

"లేదు. నోటితో మాట్లాడుకున్నాం. మా భాషలో."

"లిస్టు నిన్ననే వెళ్లిపోయింది. వెళ్లేవాళ్లను పిలిచి చెప్పే మీటింగులు కూడా వచ్చే వారానికి వేసేశారు. సమావేశం రోజున చెప్పి ఉంటే వేరేగా ఉండేదేమో."

"ఆమె బదులు నన్ను తీసేయండి."

"అది అలా జరగదు" అన్నాడు, జాలిగా. "పైగా ఆ కోడ్ తెలిసింది నువ్వొక్కదానివే."

ఆ మాట ఒకప్పుడైతే నాకు మెడలో హారంలా ఉండేది.

అరవై రోజుల లెక్క మొదలైంది. మా వంశంలో ఎవరూ ఎవరినీ ఏదీ అడగలేదని మా నాన్న చెప్పేవారు. నేను అడిగాను. జెర్సీ సిటీలో ఉన్న పాత సహోద్యోగికి ఫోన్ చేశాను. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడు, ఇప్పుడు పెద్ద స్థానంలో ఉన్నాడు. "మీరు ఫోన్ చేశారంటేనే ఆశ్చర్యంగా ఉందండీ" అన్నాడు. హైరింగ్ ఆపేశారట, చూస్తానన్నాడు. కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉన్న ఇంకొకామె రెజ్యూమె పంపమంది, మళ్లీ ఫోన్ తీయలేదు. ఇక్కడి తెలుగువాళ్ల విందుల్లో నేను ఎన్నడూ తలవంచి పలకరించనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లి పలకరించాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ మాత్రం దొరకలేదు.

ఆమె కూడా వెతుకుతూనే ఉంది. నడుమ ఒకసారి వాళ్ల అపార్ట్‌మెంట్ దగ్గరున్న ఇండియన్ షాపులో కనబడింది, బెండకాయలు ఏరుతూ. సన్నబడింది. పక్కన నిలబడి నేనూ రెండు బెండకాయలు తీసుకున్నాను, అవసరం లేకపోయినా.

"ఇంటర్వ్యూలు అవుతున్నాయా?"

"అయితున్నయక్కా. మొన్న ఒకటి మూడో రౌండ్ దాకా పోయింది. ఏమడిగిన్రో తెలుసా? ఫ్యాక్టరీ ఇంజెక్ట్ చేసిన క్లాస్‌ని ఎట్ల టెస్ట్ చేస్తవ్ అని."

"ఏం చెప్పావు?"

"మాక్ చేస్త అన్న. మాక్‌కి ఎనీ పెట్టను, ఏ రకం కావాల్నో అదే చెప్త అన్న. ఇంకా అసలు ఫ్యాక్టరీతోని ఒక్క టెస్ట్ అయినా ఉండాలె అన్న. వాళ్లకు నచ్చింది." బెండకాయ తొడిమ విరిచి చూసింది. "తర్వాత వీసా అడిగిన్రు."

నేను అప్పుడు చెప్పాను, మేనేజరుకు అంతా చెప్పేశానని. ఎప్పుడు చెప్పానో కూడా చెప్పాను. ఆమె సంచి మూతి ముడివేసింది.

"ఇప్పుడా అక్కా" అంది. అడిగినట్టు లేదు, తిట్టినట్టూ లేదు. సంచి చేతిలోకి తీసుకుని, "మా నాయినకు ఇంకా చెప్పలే. సెలవు పెట్టుకొని వస్తున్న అని చెప్పిన" అంది.

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట నాకు తెలుగులో నోటికి రాలేదు. ఇంగ్లిషులో రోజుకు పదిసార్లు అనే మాట అది. కూరగాయల గంపల మధ్య ఇంగ్లిషులో అనడం ఆమెకు ఇంకా అవమానమని నాకు తోచింది. బిల్లింగ్ దగ్గర వరసలో ఆమె నా ముందు నిలబడింది. వెళ్లేటప్పుడు, "పోయొస్తా అక్కా, చలి పెడుతుంది, జాకెట్ వేసుకోండి" అంది.

తర్వాతి సోమవారం ఆఫీసులో ఆమె రాసిన టెస్ట్‌ను నేను మళ్లీ రాశాను, జ్ఞాపకం మీద. నిజం ఫ్యాక్టరీని తీసుకుని, బయటి లైన్ దగ్గర మాత్రమే ఉత్తుత్తిది పెట్టి, ఒక్కో రకం హోమ్‌కీ ఖాళీ మనిషి కాక నిజం వార్తాహరుడే వస్తున్నాడా అని అడిగే టెస్ట్. పన్నెండు లైన్లు. ఆమెది ఇంకా పొందికగా ఉండేది. రివ్యూలో అందరూ చూసేలా, ఇది మొదట రాసింది ఎవరో, తీసేయించింది ఎవరో ఇంగ్లిషులో రాశాను. గుంటూరు ఆయన అప్రూవ్ చేశాడు. కింద ఏమీ రాయలేదు, జోకు కూడా వేయలేదు. ఆ రోజు లంచ్‌కి నన్ను పిలవకుండానే వెళ్లాడు.

యాభై మూడో రోజున మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె తన సామాన్ల జాబితా పెట్టింది, ఫోటోలతో. ఎవరికి ఏది కావాలన్నా శనివారం పదింటికి రావచ్చని. నేను వెళ్లలేదు. వెళితే ఏదో ఒకటి కొనాలి, ఆమె నా దగ్గర డబ్బు తీసుకోదు. శనివారం మధ్యాహ్నానికి ఒక్కో ఫోటో కింద అమ్ముడైందని వరసగా పడుతూ వచ్చింది. కారు ఒక మాస్టర్స్ విద్యార్థి తీసుకున్నాడు. రాసుకునే బల్ల, రెండు మానిటర్లు, మంచం, రైస్ కుక్కర్, చలికోటు అన్నీ ఆ పూటే అమ్ముడుపోయాయి.